నలభై వేల ఆల్చిప్పలు, ఒక్క సంతకం

ఒక్క సంతకం కోసం ఆమె పది నెలలుగా చెప్పులరిగేలా తిరుగుతోంది. ఆ సంతకం పెట్టాల్సిన ఆఫీసులో అందరూ ఆమెను ఆల్చిప్పలమ్మ అంటారు. ఆ పేరు ఆమెకూ ఇష్టమే.

తీరాన ఒక షెడ్డులో, తొట్ల నిండా నలభై వేల ఆల్చిప్పల్ని పెంచింది. తాతల కాలంలో అక్కడ సముద్రం అడుగంతా ఆల్చిప్పలేనట. వలలు ఈడ్చి ఈడ్చి ఊడ్చేశారు. ఇప్పటివాళ్లు వాటిని చూసి కూడా ఎరగరు. ఈమధ్య అక్కడి నీళ్లలో కరెంటు తీసే గాలిమరలు నిలబెట్టారు. వాటి మధ్యకు వేట పడవలు రావు, వలలు పడవు. ఆల్చిప్పల్ని అక్కడ వదిలితే హాయిగా సంసారం పెట్టుకుంటాయి. కానీ వదలాలంటే పెద్దసారు సంతకం కావాలి. అదీ ఎండలు ముదిరేలోపే కావాలి. ముదిరాయంటే తొట్లలో నీళ్లు వేడెక్కి ఒక్కటీ మిగలదు.

పెద్దసారు కలం మూత తీయగా చూసినవాళ్లు ఆ ఆఫీసులో లేరు. సంతకం పెడితే అది ఎప్పటికైనా మెడకు చుట్టుకుంటుందని ఆయన భయం. ఫైలును మత్స్యశాఖకు పంపాడు. వాళ్లు విద్యుత్ శాఖకు తోశారు. వాళ్లు తాపీగా చదివి, ఆల్చిప్పలు కరెంటు వాడతాయా అని రాసి వెనక్కి పంపారు. వాడవని ఆమె రాసిచ్చింది. దానికి ధ్రువపత్రం అడిగారు.

చివరికి పెద్దసారే తనిఖీకి వచ్చాడు. వెంట ఒక గుమాస్తా, ఒక ఫొటోగ్రాఫరు. ఆమె ఒక బుట్టను నీళ్లలోంచి తీయించి బల్ల మీద పోయించింది. పెద్దసారు కళ్లజోడు సర్దుకుని ఒకదాన్ని వేలితో పొడిచాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంకోదాన్ని పొడిచాడు. అదీ అంతే. ఎందుకైనా మంచిదని నమస్కారం కూడా పెట్టి చూశాడు. గుమాస్తా చెవి ఆనించి విని, లోపల ఎవరూ ఉన్నట్టు లేదన్నాడు.

అన్ని తొట్లలోని బుట్టల్నీ అలాగే పైకి తీయించి చూశారు. నలభై వేలలో నోరు తెరుచుకుని కనబడ్డవి పంతొమ్మిది.

"ఇన్నాళ్లు మేపి పంతొమ్మిదిని బతికించావా తల్లీ? మిగతావన్నీ పోయాయి. ఇది పేపర్లో పడితే నా ఉద్యోగమూ పోతుంది," అన్నాడు పెద్దసారు.

ఆమె ఏదో చెప్పబోయింది. అంతలో ఆయన జేబులోంచి కలం తీశాడు. మూత కూడా తీశాడు. ఆమె ఆ మాట మింగేసి, బల్ల మీద కాగితం పట్టేంత చోటు చేసింది.

చచ్చినవాటిని ఈరోజే పారబోయాలన్నాడు పెద్దసారు. పారబోతకు ఏ శాఖనూ అడగక్కర్లేదట. ఎక్కడ పోయమంటారని ఆమె తలవంచుకుని అడిగింది.

"వలలకు చిక్కి మళ్లీ పైకి తేలకూడదు. ఆ గాలిమరల కిందే పోయించు," అని నిలబడే సంతకం పెట్టాడు.

ఆ పంతొమ్మిదినీ మాత్రం గాజుతొట్టిలో పెట్టించి, వాటితో ఫొటో దిగి, తన గదికి మోయించుకెళ్లాడు. గాలి తగలకుండా కిటికీలన్నీ మూయించాడు.

షికారు జనాన్ని తిప్పే పడవ ఒకటి ఆమె మరిదికి ఉంది. అందులో పొద్దు వాలేలోపు నాలుగుసార్లు తిరిగారు. వదిన కష్టం తన చేతుల మీదుగానే నీళ్లపాలవుతుంటే అతను తల పక్కకు తిప్పుకుని బుట్టలు అందించాడు. పారబోసేవాటిని కూడా ఆమె మెల్లగా దించమంటుంటే మరీ బాధేసింది. ఆఖరి బుట్ట దగ్గర ఇక ఉండబట్టలేకపోయాడు.

"నీకు చేతకాలేదని రాసుకుపోయాడు కదా వదినా. ఒక్క మాటైనా అనకుండా ఎలా ఊరుకున్నావు?"

ఆల్చిప్పలమ్మ ఆఖరిదాన్ని అరచేతిలోంచి నీళ్లలోకి జార్చి, పొద్దుటినుంచీ ఆపుకున్న నవ్వు నవ్వేసింది.

"చచ్చిన ఆల్చిప్పే నోరు తెరుచుకుని ఉంటుందిరా అబ్బాయ్, బతికున్నది మనిషి చెయ్యి పడితే చాలు, గట్టిగా మూసుకుంటుంది."