మొదటి వాక్యం

నెల రోజుల్లో నవల రాసే పోటీకి ప్రూఫ్‌రీడరు పేరిచ్చాడు. పట్టుబట్టింది భార్యే.

"ఇన్నేళ్లూ ఊరందరి తప్పులూ దిద్దారు. ఇక మీరు రాయండి. తప్పులొస్తే నేను సర్దుకుపోతాలెండి, మీతో అలవాటేగా!"

రాయడానికి కూర్చుంటే దిద్దే చెయ్యి ఊరుకునేది కాదు. రాసిన వాక్యాన్నే కొట్టేసి మళ్లీ రాసేవాడు.

"కథ ఎందాకా వచ్చింది?" అని ఆమె మంచం మీంచి రోజూ అడిగేది.

"మొదలవుతోంది," అనేవాడు.

గడువు చివరి రోజుకి కాగితం మీద ఒక్క వాక్యమే మిగిలింది.

"పోనీ, ముగింపైనా నోటితో చెప్పండి," అంది ఆమె నీరసంగా. "డాక్టరు నాకిచ్చిన గడువు కూడా ఈ నెలేగా."

అతనికి ముగింపు తెలియదు. ఉన్న వాక్యమే చదివి వినిపించబోయాడు. అందులో కామా ఒకటి ఎక్కువైనట్టనిపించి, పెన్ను కోసం జేబు తడుముకున్నాడు.