మందు కలిపిన షీటు

"ఆ షీటు ఒక్కటి గడప దాటిందంటే మర్యాద దక్కదు, చెప్తున్నా!"

షీట్లక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఇరవై ఏళ్లుగా గోడల్లో ఎండా చలీ ఆపే ఫోమ్ షీట్లు బిగించే మనిషి కాబట్టి అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆమె వెనకున్నది చంటిపిల్లల బడిలో పిల్లలు పడుకునే గది. ఎదురుగా షీట్ల కంపెనీ ఏజెంటు, అతని పక్కన ఫైర్ ఆఫీసరు, వాళ్ల వెనక లారీలోంచి దింపిన షీట్ల కట్టలు.

"ఏంటమ్మా నీ గొడవ? మంట అంటుకోకుండా మందు కలిపిన షీట్లే వాడాలని రూలుంది," అన్నాడు ఆఫీసరు.

"ఆ మందే నా గొడవ సార్. అది షీట్లో కుదురుగా ఉండదు. సందుల్లోంచి బయటికొచ్చి దుమ్ములో కలుస్తుంది. నేల మీద పాకే పిల్లలు ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. వద్దు మొర్రో అని డాక్టర్లే మొత్తుకుంటున్నారు. సోమవారం నుంచి నా మనవరాలు పడుకునేది ఈ గదిలోనే."

"మందు లేకపోతే అగ్గిపుల్ల గీస్తే చాలు, గోడంతా భగ్గుమంటుంది," అన్నాడు ఏజెంటు. "అప్పుడు గుర్తురాదా మనవరాలు?"

షీట్లక్కకు ఒళ్లు మండిపోయింది. "నోరు అదుపులో పెట్టుకో నాయనా! మంటకు ఎదురు నిలిచేది షీటా, దాని ముందు బిగించే రెండు వరసల జిప్సం బోర్డా? బోర్డే మంటని ఆపేస్తుంటే, దాని వెనక దాక్కున్న షీటుకు మందెందుకు?"

ఆఫీసరు గడ్డం గోక్కున్నాడు. చెడ్డవాడేం కాదు పాపం, రూలు దాటాలంటే భయం, అంతే.

"సరే, ఒక పని చెయ్యి. మందు లేని షీటు పెట్టి, సరిగ్గా ఇలాంటిదే చిన్న గోడ ఒకటి కట్టు. రేపొచ్చి పదిహేను నిమిషాలు మంట పెడతాను. తట్టుకుందా, మందు లేని షీట్లకే సంతకం పెడతా. లేదంటే ఇవే బిగించాలి. మళ్లీ నోరెత్తకూడదు."

"ఎత్తను సార్."

ఆ ఇద్దరూ వెళ్లాక బడి టీచరు ఆమె చెయ్యి పట్టుకుంది. "ఓడిపోతే ఎలా అక్కా?"

"ఇంకా ఏదీ కాలందే ఏడుపెందుకే? పో, పోయి పిల్లల్ని చూసుకో."

మర్నాడు పొద్దున్నకల్లా పెరట్లో మనిషెత్తు గోడ లేచింది. ఆఫీసరు గ్యాస్ టార్చి వెలిగించి బోర్డుకు గురిపెట్టాడు. ఐదు నిమిషాలకు బోర్డు మీది కాగితం మాడి నల్లబడింది. పది నిమిషాలకు ఏజెంటు ముఖంలో నవ్వు తగ్గింది. వాచీ చూస్తాడు, గోడ చూస్తాడు, మళ్లీ వాచీ చూస్తాడు. పదిహేను కాగానే ఆఫీసరు టార్చి ఆపి, బోర్డు వెనక వేడిని చూపించే మీటరు దగ్గరికి వంగాడు.

"పాస్!"

టీచరు చప్పట్లు కొట్టి గంతేసింది.

"ఆగండాగండి! ఇది మోసం సార్!" ఏజెంటు గొంతు చించుకున్నాడు. "ఇంత మంటకు నిలబడిందంటే లోపలున్నది మా మందు షీటే! ఈవిడ మన కళ్లుగప్పి పెట్టేసింది. పన్నెండేళ్ల సర్వీసు నాది, మా సరుకు మాకు తెలీదా? కావాలంటే రాసిస్తా!"

"రాసివ్వు," అన్నాడు ఆఫీసరు. ఏజెంటు అక్కడికక్కడే రాసి, కింద సంతకం గీసి మరీ ఇచ్చాడు.

ఆఫీసరు షీట్లక్క వైపు తిరిగాడు. "దాచకుండా చెప్పు. నేను పెట్టమన్న షీటే పెట్టావా?"

"లేదు సార్," అంది ఆమె తల దించకుండా. "పెట్టలేదు."

ఇంత మొండిగా పోట్లాడిన మనిషి ఇలా చేస్తుందని టీచరు అనుకోలేదు. "చూశారా, నేను చెప్పలా!" అంటూ ఏజెంటు చొక్కా కాలరు సర్దుకున్నాడు.

షీట్లక్క స్క్రూలు ఒక్కొక్కటే విప్పి, మాడిన బోర్డు రెండు వరసలూ పక్కకు లాగింది.

లోపల ఫ్రేము నిండా కుక్కి ఉన్నది దూది, పరుపుల కొట్లో దొరికే ఉత్త దూది, ఒక్క పోగైనా కమలకుండా తెల్లగా.