అంతా తీసుకెళ్తాం

జేసీబీ కదలబోతుంటే అచ్చమ్మ వచ్చి దాని తొట్టెకి ఎదురుగా బురదలో నిలబడింది.

“దీదీ, హటో! పక్కకెళ్ళు!” డ్రైవర్ నాగబాబు హారన్ మీద హారన్ కొట్టాడు. ఆవిడ కదల్లేదు. కొంగు నడుముకి దోపుకుని, తుంగ దుబ్బు ఒకటి రెండు చేతులా పట్టుకుంది.

సింధూరి బూట్లు విప్పేసి బురదలోకి దిగింది. పోర్ట్ బ్లెయిర్ శివార్లలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఈ సరస్సు ఒడ్డున బీచ్ పెంచే పనికి ఆమే ఇంజనీరు. ఆదివారం వచ్చే జనానికి చోటు చాలడం లేదని, పక్కనున్న చిత్తడి నేలని ఇసుకతో కప్పి ఒడ్డు వెడల్పు చెయ్యమన్నారు. పోయిన చిత్తడికి బదులు దూరంగా ఉన్న ఫెరార్గంజ్‌లో రెట్టింపు కొత్తది తయారు చెయ్యాలన్నది షరతు.

“పెద్దమ్మా, చీకటి పడేలోపు మొదటి టిప్పర్ నిండాలి. ఏం కావాలి నీకు?”

“నాకేటీ వద్దు. ఇక్కడ ఇసక పొయ్యొద్దు.”

“బీచ్ అందరిదీ కదా.”

“ఇది మా పొలవమ్మా. ఇక్కడ వరి పండేది. సునామీ వచ్చిన పూట నా కూతురు పైడితల్లి ఈ గట్టు మీదే ఆడుకుంటంది. నేల కుంగిపోయింది, నీళ్ళు నిల్చిపోయేయి. పిల్ల దొరకలేదు.”

ఆ అల తీసుకుపోయిన వాళ్ళ సంగతి దీవుల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. సింధూరి గొంతు తగ్గించింది. “ఎప్పుడో జరిగిపోయింది కదా పెద్దమ్మా...”

“జరిగిపోలేదు. రోజూ దీపాలేళకి పిలుస్తాది. వచ్చి వినేసి ఎల్తాను. ఇసక కప్పేస్తే దాని గొంతు పైకెలా వస్తాది?”

నాగబాబు ఇంజన్ ఆపి తల బయటపెట్టాడు. “దిమాగ్ ఖరాబ్ మేడమ్. అక్కడ నీటికోడి కూస్తుంది. కూతురనుకుంటుంది.”

ఇంజన్ ఆగడంతో సరస్సు మొత్తం నిశ్శబ్దమైపోయింది. పొద్దు కొండ వెనక్కి జారింది. తుంగలోంచి, చాలా దగ్గర్లోంచి, సన్నగా వినబడింది.

“అమ్మా...”

నాగబాబు చెయ్యి మెడలో తాయెత్తు మీదకి వెళ్ళింది. అచ్చమ్మ ముఖం మాత్రం విప్పారింది.

“విన్నావా?”

“నీటికోడే పెద్దమ్మా. సందెవేళ అలాగే కూస్తుంది,” అంది సింధూరి. తన మాట తనకే నమ్మకంగా వినిపించలేదు. కానీ పని మొదలవ్వాలి. అచ్చమ్మకి ఇంకాస్త దగ్గరగా జరిగింది. “ఇటు విను. ఈ చిత్తడిని మేం చంపెయ్యడం లేదు. తరలిస్తున్నాం. ఈ బురద, ఈ తుంగ, ఇందులో పడున్న విత్తనాలు, గుడ్లు, పై పొర మొత్తం ఫెరార్గంజ్ పోతుంది. అక్కడా ఇదే బురద, ఇవే మొక్కలు. అంతా తీసుకెళ్తాం.”

“అంతా వస్తాదా?”

“అంతా.”

“ఒట్టెయ్యి.”

సింధూరి ఆవిడ అరచేతిలో చెయ్యి వేసింది. “ఒట్టు.”

అచ్చమ్మ తుంగ దుబ్బు వదిలేసింది.

మర్నాడు మొదటి టిప్పర్ నిండగానే డ్రైవర్ పక్క సీటెక్కి కూర్చుంది. నేను ముందుంటే దానికి దారి తెలుస్తుంది, అందట. దారంతా వెనక్కి తిరిగి, “ఇదిగో వంతెన వచ్చింది, ఇదిగో పెద్ద మలుపు, గట్టిగా పట్టుకో” అని బురదతో మాట్లాడుతూనే ఉందని ఆ డ్రైవర్ తర్వాత చెప్పాడు.

వానలు వెళ్ళాయి. ఫెరార్గంజ్‌లో కొత్త చిత్తడి పచ్చగా లేచింది. కొంగలు వాలాయి. తూనీగలు ముసురుకున్నాయి. సింధూరి తనిఖీకి వెళ్ళేసరికి అచ్చమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. దగ్గర్లోనే అక్క ఎరుకమ్మ ఇంట్లో మకాం పెట్టి, సాయంత్రం కాగానే వచ్చేస్తోందట.

“చూశావా పెద్దమ్మా, నీటికోళ్ళు పిల్లల్ని కూడా పెట్టాయి.”

“చూసేను. వాటి కూత నాకు తెల్దా?” ఆవిడ గొంతులో కోపం లేదు. “అదే ఇంకా పిలవలేదు. కొత్త చోటు కదమ్మా, బెదురుంటాది. చిన్నపిల్ల.”

“వస్తుంది పెద్దమ్మా.”

“వస్తాది. నువ్వు ఒట్టేసేవు కదా.”

తిరిగి వస్తున్నంతసేపూ సింధూరి జీపు అద్దాలు దించలేదు. ఆ రోజు నుంచీ బజార్లో ఏ పిల్ల గొంతు విన్నా ఆమెకి ఉలికిపాటే. ఇంట్లో వాళ్ళు సెలవు పెట్టమన్నారు.

పెట్టలేదు. బీచ్ తెరిచిన ఆదివారం దగ్గరుండి అన్నీ చూసుకుంది. కొత్త ఇసుక మీద పోర్ట్ బ్లెయిర్ సగం దిగినట్టుంది. పానీపూరీ బండ్లు, బెలూన్లు, స్పీకర్లో హిందీ పాటలు. తెలుగు తల్లులు, బెంగాలీ తల్లులు, తమిళ తల్లులు పిల్లల్ని లోతుకి పోనివ్వకుండా రెక్కలు పట్టుకుని ముంచి లేపుతున్నారు. పెద్ద సారు వచ్చి, “బహుత్ అచ్ఛా” అని భుజం తట్టి వెళ్ళాడు.

సింధూరి ఒడ్డంతా కళ్ళతో వెతికింది. తుంగ పోచ లేదు. పిట్ట వాలడానికి పుల్ల లేదు. చాలా రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

పొద్దు కుంకింది. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు స్పీకర్ కాసేపు మూగబోయింది. అప్పుడు ఆమె పాదాల కింద ఇసుకలోంచి, సన్నగా వినబడింది.

“అమ్మా...”

నీటికోడి, అనుకుంది సింధూరి. కాదు, నీటికోళ్ళన్నీ ఫెరార్గంజ్‌లో ఉన్నాయి. అయితే ఇది నా భ్రమ. ఒట్టేసినదాన్ని కాబట్టి నా చెవులకే వినబడుతోంది, ఇంకెవరికీ వినబడదు. ఆ మాట గట్టిచేసుకోవడానికే మెల్లగా తలెత్తి చుట్టూ చూసింది.

ఒడ్డు పొడుగునా తల్లులందరూ ఒక్కసారే “ఆఁ” అని పలికి ఆమె నిలబడ్డ ఇసుక వైపు తిరిగారు. వాళ్ళ వాళ్ళ పిల్లలు వాళ్ళ చేతుల్లోనే ఉన్నారు.