ఒక్క గీత

అక్క ఆసుపత్రి నుంచి తిన్నగా ఆశ్రమానికే వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో అమ్మ కళ్లజోడు, శాలువా, పళ్ల సెట్టు.

ఏడవలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. మేనేజరమ్మ గదిలో నిలబడి ఒకటే అడిగింది.

"మా అమ్మకి ఫ్లూ ఎవరు అంటించారు?"

గదిలో ఉన్నది నలుగురే. అక్క, మేనేజరమ్మ, వంటావిడ, తలుపుకి ఆనుకుని తమ్ముడు. ఈ తమ్ముడే ఆశ్రమం వ్యాను డ్రైవరు.

వాడు నోరు మూసుకుని ఉండగా చూసినవాళ్లు లేరు. తుంటి ఎముక విరిగి అమ్మ మంచాన పడితే, ఎత్తడానికీ తిప్పడానికీ ఇంట్లో మనుషులు చాలక ఈ వృద్ధాశ్రమంలో చేర్చారు. చేర్చిన వారానికే వీడు టాక్సీ వదిలేసి ఇక్కడ వ్యాను పట్టుకున్నాడు. అమ్మ మీద బెంగతో వచ్చాడన్నారు అందరూ. బెంగా లేదు బొంగరమూ లేదు, పద్నాలుగు మంది ముసలాళ్లు ఒక్కచోట దొరికితే ఏడిపించకుండా ఎలా వదుల్తాను అన్నాడు వాడు.

అన్నట్టే లెక్కల మాస్టారి చేతికర్రకి సైకిల్ బెల్లు బిగించాడు. రోజూ పొద్దున్నే అమ్మ కిటికీ అవతల నక్కి, డాక్టరు గొంతు పెట్టి "నాలుక చాపండి" అనేవాడు. ఆవిడ చాపేది. ఎవడో తెలిసే చాపేది. ఆ తర్వాత "కోతి వెధవా" అనేది. ఆ తిట్టు పడితే గానీ వాడికి టీ దిగేది కాదు.

చలి మొదలవగానే ఆశ్రమానికి ఫ్లూ టీకాలొచ్చాయి. అందరికన్నా ముందు చొక్కా చెయ్యి మడిచింది వీడే. సూది ఇంకా ఒంటికి తగలకముందే కెవ్వుమని కేకపెట్టి నర్సుని హడలగొట్టాడు. ఆ నవ్వుల్లోనే ముసలాళ్లంతా వేయించేసుకున్నారు. అమ్మకి మాత్రం ఆ రోజే జ్వరం తగిలింది. మూడు వారాల్లో మళ్లీ వస్తాం, అప్పుడు వేద్దాం అన్నాడు డాక్టరు. అసలే ఊపిరితిత్తులు బలహీనం, అందాకా టెస్టు చేసుకోకుండా ఒక్క పురుగు కూడా లోపలికి రాకూడదని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

కిట్లు తెప్పించారు. పొద్దున్నే పుల్ల ముక్కులో పెట్టి తిప్పాలి. దాన్ని మందునీళ్లలో ముంచి, ఆ చుక్కలు కిట్టులో వేసి, పావుగంట ఆగాలి. ఒక్క గీత వస్తే లోపలికి. రెండు గీతలొస్తే ఇంటికి.

మొదటి రెండ్రోజులూ పనివాళ్లు నానా గొడవ చేశారు. ముక్కు మండిపోతోందని ఒకరు, ఈ చలిలో పావుగంట బయట నిలబెడతారా అని ఇంకొకరు. వంటావిడైతే పుల్ల చూడగానే గేటు దాటి పరుగు. మేనేజరమ్మ తలపట్టుకుని ఆ పని కాస్తా డ్రైవరుకి అప్పజెప్పింది. కన్నతల్లి లోపలుంది, వీడికున్న జాగ్రత్త ఇంకెవడికుంటుంది అనుకుంది.

మూడో రోజు నుంచి గొడవే లేదు. వాడేం మంత్రం వేశాడో గానీ ఎవరూ ముక్కు పట్టుకోలేదు, ఎవరూ లేటవలేదు. అందర్నీ ఎక్కించుకుని వ్యాను గేటు దగ్గరికి వచ్చేసరికే, పేర్లు రాసిన పదకొండు కిట్లూ అట్టపెట్టెలో వరసగా ఉండేవి. వ్యాన్లోంచి ఒకటే నవ్వులు.

టీకా ఇంకా వారం ఉందనగా అమ్మకి దగ్గు మొదలైంది. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఈ పొద్దున పోయింది.

మేనేజరమ్మ అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. ఏ రోజు కిట్లు ఆ రోజు కట్టకట్టి తేదీ రాసి ఉన్నాయి. నీ కళ్లతో నువ్వే చూసుకోమ్మా అంది. అక్క ఒక్కొక్కటీ తీసి కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది. ఒక్క గీత. ఒక్క గీత. ఒక్క గీత.

అంతలో వంటావిడ దగ్గింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. అమ్మకి రోజూ చెంచాతో పాలు తాగించేది ఈవిడే.

"ఎన్నాళ్ల నుంచి నీకా దగ్గు?" అక్క అడిగింది.

"పదిహేను రోజుల నుంచమ్మా."

అక్క గబగబా ఆ దగ్గు మొదలైన వారం కట్టలన్నీ విప్పింది. వంటావిడ పేరున్న ఏడు కిట్లూ ఏరి పక్కన పెట్టింది. ఏడింటికీ ఒక్కటే గీత.

ఇక చేసేదేముంది. నిన్ను అనుమానించాను, ఏమీ అనుకోకు అని వంటావిడ చేతులు పట్టుకుంది. దాంతో ఆ మనిషి గోడకి జారగిలబడి ఒకటే ఏడుపు. ఎవరు ఓదార్చినా ఆపదు.

అక్క తమ్ముడి వైపు తిరిగింది.

"నువ్వు రోజూ ఇక్కడే ఉన్నావు కదరా. అన్నీ నీ చేతి మీదుగానే కదా జరిగాయి. ఎక్కడ పొరపాటు జరిగిందో నువ్వే చెప్పు."

వాడి పెదాలు కదిలాయి. మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక వాడికి మాట రాకపోవడం అదే మొదటిసారి.

అది చూసేసరికి అప్పటిదాకా బిగబట్టుకున్న అక్క కూడా ఏడ్చేసింది. వాడి తల తన భుజానికి అదుముకుంది.

"పోనీలేరా నాన్నా. అమ్మ కోసం నువ్వు చేయనిదేముంది."

ఆ పెట్టెలో పేర్లు పదకొండు మందివే గానీ, పాపం ఎవరికీ నొప్పెట్టకూడదని, రోజూ పదకొండు పుల్లలూ వాడు తన ముక్కులోనే తిప్పుకున్నాడు.