మొదటి రోజు మోత

"ఇంకోసారి వినిపించు," అన్నాడు విచారణ అధికారి.

చెవుల మేస్త్రి మీట నొక్కాడు. గదిలో సన్నటి బుస మొదలైంది. బేరింగులో పుట్టే ఆ మోత మామూలు చెవికి అందదు. అందేలా మార్చి వినిపించే పరికరం ఫ్యాక్టరీ మొత్తానికి ఒక్కటే. దాన్ని పట్టుకుని మిషను మిషనుకీ తిరిగేది అతనొక్కడే. అందుకే ఆ పేరు.

"మిషను మూలిగితే వింటావు గానీ ఇంట్లో పిలిస్తే వినపడదేం బావా?" అని చెల్లెలి మొగుడు తెగ ఏడిపించేవాడు. ఆ మనిషి పోయి వారమైంది. మూడో నంబరు ఫ్యాను బేరింగ్ పొడిపొడి అయి, రెక్క ఊడొచ్చి, గ్రీజు డబ్బాతో అటుగా వెళ్తున్న అతని మీద పడింది.

చెల్లెలు గోడవార కుర్చీలో బొమ్మలా కూర్చుంది.

"మొదట విన్నది బేరింగ్ మార్చిన రోజుది సార్. ఇది ప్రమాదానికి ముందు వారంది," అన్నాడు మేస్త్రి.

"పెద్ద తేడా ఏమీ లేదే!"

"లేదు సార్."

అక్కడి పద్ధతి అది. బేరింగ్ మార్చిన రోజే దాని మోత రికార్డు చేసి దాచాలి. ఆపైన వారం వారం విని, దానితో పోల్చాలి. పెరిగితే మిషను ఆపాలి. మార్చినప్పట్నుంచి ప్రమాదందాకా పదకొండు వారాల్లో మేస్త్రి ఒక్క వారం ఎగ్గొట్టలేదు. అన్ని సంతకాలూ ఉన్నాయి.

అధికారి కాగితాలు తిరగేశాడు. "మార్చింది కూడా నువ్వేగా? లైను గంటసేపే ఆపారట. గంటలో ముగించావంటే చెయ్యి తిరిగినవాడివే."

మేస్త్రి పరికరం ఆపేశాడు. "సూపర్‌వైజరు నెత్తిన కూర్చున్నాడు సార్."

"సరే. వారం వారం విన్నావు. మోత పెరగలేదు. అయినా పగిలిందంటే గ్రీజు పెట్టేవాడు సరిగ్గా పెట్టి ఉండడు. పోయినవాడి మీద రాయాలంటే నాకూ బాధగానే ఉంది."

చెల్లెలు చివాల్న లేచింది. "ఆయన అలాంటి మనిషి కాదు! అన్నయ్యా, నువ్వైనా చెప్పవేం?"

మేస్త్రి పరికరం తీగ చుట్టుకోసాగాడు. అధికారి రాసుకుంటూ పోయాడు.

బయటికొచ్చాక ఆమె అన్న చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పోనీలే అన్నయ్యా. నీ మీదకి రాలేదు, అదే చాలు. ఆయనెలాగూ లేడు. నువ్వు కూడా లేకపోతే నాకు దిక్కెవరు?"

అతని గుండె తరుక్కుపోయింది. నిజంగానే తరుక్కుపోయింది, అబద్ధమెందుకు. ఆమెను బస్సెక్కించి, ఆ బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

వర్క్‌షాపుకి తిరిగొచ్చేసరికి అందరూ భోజనాలకి వెళ్లిపోయారు. తన అల్మారా ముందు కూర్చుని, తాళం తీశాడు.

అడుగు అరలో, నూనె గుడ్డల కింద, మూడో నంబరు ఫ్యానుకి వెయ్యమని పన్నెండు వారాల కిందట స్టోర్సువాళ్లు ఇచ్చిన కొత్త బేరింగ్, సీలు కూడా విప్పని పెట్టెలో అలాగే ఉంది.