అందరికీ సులువైన దారి

నేను మేకను. ఆ వేసవిలో అడవి మొత్తానికి నీళ్లు వాగులోనే మిగిలాయి. అక్కడికి ఏ దారి సులువో తేల్చే పనిని జంతువులన్నీ కూడి నాకు అప్పజెప్పాయి. నేను గట్టు మీంచి నాలుగు గెంతుల్లో దిగి, "అందరికీ సులువే!" అన్నాను. చిలుక ఆ మాటే అడిగినవాళ్లందరికీ చెప్పింది.

అది నమ్మి, ఒక కాలు కుంటిదైన జింక బయలుదేరింది. గట్టు మీద జారి, మెడదాకా బురదలో కూరుకుపోయింది. ఏనుగు తొండంతో లాగి బయటపడేసింది.

నేను పరుగున వెళ్లి, "చూసుకుని దిగాలి కదమ్మా!" అన్నాను.

జింక బురద విదిలించుకుంటూ, "చూసుకునే దిగాను మేకత్తా. నువ్వే నీ కాళ్లు తప్ప ఇంకేమీ చూడలేదు," అంది.

నేను నోట్లో గడ్డి లేకపోయినా నమలసాగాను.

మర్నాడు దారి తేల్చడానికి జింక, తాబేలు, చూపు పోయిన ఎలుగుబంటి ముందు నడిచాయి. అవి ఆగిపోయిన చోటల్లా ఏనుగు మట్టి తవ్వి వాలు చేసింది. సాయంత్రానికి మూడూ కడుపునిండా నీళ్లు తాగాయి.

ఇప్పుడు ఏ దారి చూడాలన్నా వాళ్లే ముందు నడుస్తారు. నేను వెనకాల నోరు మూసుకుని నడుస్తాను. గట్లు గెంతడం కన్నా నాకు అదే కష్టంగా ఉంది.