కొల్లేటి అంచున కొత్త లైను

"గూడ్సు బండి ఖాళీగా వెనక్కి రాకూడదు జాహిద్. అది మొదటి సూత్రం. చేపలు దింపేసి, వచ్చేటప్పుడు ధాన్యం ఎక్కించుకు రావాలి."

నెట్ సెంటర్ గుమ్మంలో చెప్పులు విడుస్తున్న సుగుణకి ఈ మాట చెవిన పడి ఒళ్ళు మండిపోయింది. చెబుతున్నది ఆమె మొగుడు ఆనంద్ పాల్, రైసుమిల్లులో గుమస్తా. మిల్లు అయిదింటికి వదిలితే ఇంటికి ఎనిమిదింటికి చేరతాడు. మధ్యలో ఆ మూడు గంటలూ ఇక్కడ కంప్యూటర్ ఆటలో రైల్వే కంపెనీ నడుపుతాడు. నెట్ సెంటర్ యజమాని జాహిద్ పక్కన కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మరీ వింటున్నాడు.

లోపల సిగరెట్ల కంపు. ఎవరెవరో పునుగులు తిన్న చేతులతో నొక్కిన కీబోర్డుల మీద జిడ్డు. ముప్ఫయ్యారేళ్ళ మగాడు బొమ్మ రైళ్ళ ముందు నోరు తెరుచుకు కూర్చోవడం అంతకన్నా రోతగా ఉంది.

"ఏవండీ, లేవండి. మీతో మాట్లాడాలి."

"ఒక్క నిమిషం సుగుణా. గూడెం బండి వచ్చేస్తోంది."

"రానివ్వండి. దిగేవాళ్ళెవరూ లేరు కదా."

జాహిద్ గబుక్కున లేచి కుర్చీ జరిపాడు. "కూర్చోండక్కా. ఆటలో ఇచ్చిన అమెరికా మ్యాపు వద్దని, మన ఏలూరు, గూడెం, కొల్లేరు అన్నీ అన్నయ్యగారే గీసుకున్నారండి. ఆ చిట్కాలు వింటే మతి పోతుందండి. నేనేమో కనిపించిన ప్రతి ఊళ్ళోనూ బండి ఆపి దివాలా తీశాను. అన్నయ్యగారికి నలభై బళ్ళండి."

"నలభై బళ్ళవారు ఇంటికి నడిచి వస్తారు బాబూ. సైకిలు చెయిను తెగి నెలయింది."

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే మరి. సుగుణ తెర వైపు కన్నెత్తి చూడలేదు. ఆ తెరంటేనే ఆమెకి వెగటు.

ఆనంద్ పాల్ మాత్రం పాఠం ఆపలేదు. "అసలు కిటుకు ఇది జాహిద్. ఊరున్న చోట నేల ఖరీదు. ఎవరికీ పట్టని పల్లం చూసి అక్కడ స్టేషను పెట్టాలి. స్టేషను పెడితే ఊరు దానంతటదే లేస్తుంది."

"ఆటలో ఎకరాలకెకరాలు కొంటారు," అంది సుగుణ. "నిజంగా వంద గజాలు కొనండి, ఈ అద్దె కొంపలు మారలేను అంటే, ఎనిమిదేళ్ళుగా చూద్దాం అంటున్నారు."

"చూద్దాం సుగుణా."

"ఇంక చూడక్కర్లేదండి. కొనేశాను."

అప్పుడు తిప్పాడు తల. "దేంతో?"

ఆమె రెండు చేతులూ ముందుకు చాపింది. మట్టి గాజులు తప్ప ఏమీ లేవు. "నాలుగు బంగారు గాజులూ అమ్మేసి పొద్దున బయానా కట్టాను. మిగతాది వాయిదాల్లో తీర్చుకోవచ్చన్నారు."

"ఎక్కడ?"

"వట్లూరు దాటాక, కొల్లేరు వైపు."

"ఆ పల్లంలోనా? వానొస్తే అక్కడికి పడవ మీద వెళ్ళాలి. ఎవడమ్మాడు నీకు?"

"బుచ్చిబాబుగారని, అక్కడ ప్లాట్లు వేస్తున్నారు."

"ఎవడో ప్లాట్ల బ్రోకరు చెబితే ఉన్న నాలుగు గాజులూ అమ్ముకుంటావా? బయానా వెనక్కి కూడా ఇవ్వరు వాళ్ళు. ఛీ. బళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పేదానివి."

ఆ ఛీ ఆమెకి చెంపమీద కొట్టినట్టుగా తగిలింది. ఇన్నాళ్ళుగా తను గొంతులో అదిమిపెట్టుకున్న మాట అది. ఆయన ముందుగా వాడేశాడు.

"బొమ్మలతో ఆడుకునేవారు నన్ను ఛీ అనక్కర్లేదు. ఇవాళ అది పల్లమేనండి. రేపు కాదు. అటుగా కొత్త రైలు లైను పడుతోంది. మన ప్లాటుకి ఎదురుగా స్టేషను. నేనేమీ నోటిమాట నమ్మలేదు, మ్యాపు చూసే కట్టాను."

చేతిసంచిలోంచి మడతపెట్టిన కాయితం తీసి కీబోర్డు మీదే పరిచింది. ఏలూరు, భీమడోలు, గూడెం ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. కొల్లేరు నీలంగా ఉంది. దాని అంచు వెంబడి వంపు తిరిగిన ఎర్రగీత, గీత మధ్యలో చిన్న స్టేషను బొమ్మ, అడుగున గుండ్రటి స్టాంపు, పచ్చసిరా సంతకం.

జాహిద్ కాయితం చూశాడు. తెర చూశాడు. "టీ తెస్తానండి," అని బయటికి జారుకున్నాడు.

ఆనంద్ పాల్ కాయితాన్ని ముట్టుకోలేదు. "ఈ బుచ్చిబాబుది బట్టతలా? నోట్లో ఎప్పుడూ కిళ్ళీ ఉంటుందా?"

"అవునండి. మీకెలా తెలుసు?"

"మొన్న ఆదివారం ఇక్కడికొచ్చాడు. ఆట నేర్పండి గురువుగారూ అని గంటసేపు నా పక్కనే కూర్చున్నాడు. నా మ్యాపు బాగుందని ప్రింటు తీయించుకు పోయాడు."

సుగుణ తల అడ్డంగా ఊపింది. "లేదండి. ఇది మీ ఆట కాదు. నేను ప్రార్థన చేసుకునే వెళ్ళాను. స్టేషను పేరు చదవండి ఒకసారి. సుగుణాపురం. నా పేరుతో ఊరొస్తుంటే అంతకన్నా ప్రభువు ఇంకేం గుర్తు చూపిస్తాడు? ఆ పేరు చూశాకే గాజులు తీశాను."

ఆనంద్ పాల్ మానిటర్ని మెల్లగా ఆమె వైపు తిప్పాడు.

"ఆ పేరు పెట్టింది నేనే, సుగుణా."